ముగ్గుపిండిలో 'ళ'



మా తాతగారు బాగన్ దాతో కొబ్బరితోటలకు వచ్చిననాడు ఆయనకు అక్షరం రాదు. తోటబడిలో మా నాన్నగారు నేర్చిన నాలుగు ముక్కలే మాకు పెట్టుబడి. పగలు మలాయ్ భాషలో పాఠాలు చెప్పి, శుక్రవారం రాత్రుళ్ళు ఈ హాలులో తెలుగు చెబుతూ వచ్చాము. తప్పులుంటే మన్నించాలి.

మేమూ ఒక తప్పు చేశాము. ఎర్రసిరాతో దిద్దడమే చదువు చెప్పడమనుకున్నాము. పుస్తకమంతా ఎర్రగా చూసుకొని ఒక అబ్బాయి రావడమే మానేశాడు. ఆ సంగతి వాళ్ళ అక్క చెప్పేదాకా మాకు తెలియలేదు.

ఒకనాడు వానలో చిక్కుకొని ఆలస్యంగా వచ్చాము. పిల్లలు వెళ్ళిపోయి ఉంటారనుకుంటే, పదమూడేళ్ళ అమ్మాయి పళ్ళెంలో ముగ్గుపిండి పరచి, ఒక చిన్నవాడి వేలు పట్టుకొని 'ళ' దిద్దిస్తున్నది. మేము గుమ్మంలోనే నిలబడిపోయాము.

ఇది కొత్త పద్ధతి కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమానికి వచ్చిన ఆండ్రూ బెల్ దొర, అక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రాయడం చూశాడు. తన పంతుళ్ళు ఆ పద్ధతికి ఒప్పుకోకపోతే, ఎనిమిదేళ్ళ కుర్రవాడికే అక్షరాల తరగతి అప్పగించాడు. ఆ అనుభవాన్ని 1797లో లండనులో అచ్చువేయించగా, అది మద్రాసు పద్ధతిగా ఇంగ్లండులో వ్యాపించింది. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడులను గురించి నివేదిక పంపాడు. వాటిలో 226 తెలుగు బడులు. ముందున్న పిల్లలు వెనుకబడినవారికి చెప్పే తీరును ఆయన మెచ్చుకున్నాడు. అర్థం తెలియకుండా వల్లెవేయిస్తున్నారని నిష్ఠూరమూ ఆడాడు. ఆ రెండో మాట మాకు గట్టిగా తగిలింది.

అందుకే ఇప్పుడు ఇద్దరిద్దరిని కూర్చోబెడుతున్నాము. ఇంట్లో విన్న మాట ఒకరు వ్రాస్తారు, వ్రాసింది వ్రాసినట్టే రెండోవారు పైకి చదువుతారు. మొన్న ఒకడు 'డాక్టరు మామ్మ కల్లు చూశాడు' అని వ్రాశాడు. జతవాడు అలాగే చదివాడు. హాలంతా నవ్వు! వ్రాసినవాడే నాలుక కరుచుకొని 'కళ్ళు' అని దిద్దుకున్నాడు. ఎర్రసిరా అవసరం పడలేదు. ఇద్దరికీ తెలియని తప్పులూ ఉంటాయనుకోండి. 'భ'కు 'బ' వ్రాసి ఇద్దరూ సరేననుకుంటారు. కాబట్టి పంతులు బల్లల మధ్య తిరుగుతూ ఉండవలసిందే.

తిరగడానికి మా మోకాళ్ళు సహకరించడం లేదు. కళ్ళద్దాలు రెండుసార్లు మార్చాము. మా దగ్గర చదువుకొని వెళ్ళిన పిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారు. వారి తల్లిదండ్రులకు ఒక మనవి: పరీక్షలున్నాయని ఆపకండి, శుక్రవారం ఒక్క గంట పంపండి. ఆ రావడం మానేసిన అబ్బాయి కూడా ఇక్కడే ఉన్నాడు, ఇందాకే చూశాము. బాబూ, నీ పుస్తకం మా బీరువాలోనే ఉంది.