పాత మానిటర్‌ని స్క్రాప్‌కి వేసే ముందు ఈ ఒక్కటి చూడండి

ఈరోజు ఎపిసోడ్‌లో పాత మానిటర్ పక్కన కొత్త మానిటర్ ఎలా పెట్టుకోవాలో మాట్లాడుకుందాం. "అందులో ఏముంది, కేబుల్ పెడితే అయిపోతుంది కదా" అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. ఒక శనివారం రాత్రంతా పోయింది. మీది పోకూడదని ఈ వీడియో.

ముందు నా సంగతి చెప్తాను. నేను ఇంటి నుంచి సబ్‌టైటిల్స్ రాసే పని చేస్తాను. వీడియో వింటూ, టైమ్ చూసుకుంటూ, తెలుగులో టైప్ చేయాలి. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క 19 అంగుళాల చదరం మానిటర్. అది మా నాన్నది. ఖమ్మంలో మా నాన్న నెట్ సెంటర్ నడిపేవారు. అందరి చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చాక సెంటర్ మూసేశారు. ఉన్న ఆరు మానిటర్లలో ఐదు అమ్మేసి, ఇది ఒక్కటి ఉంచుకున్నారు. నా చదువంతా దాని మీదే అయింది.

ఆ చిన్న స్క్రీన్‌లో సగం వీడియో, సగం టెక్స్ట్ పెట్టుకుని చేస్తుంటే తప్పులు పడుతున్నాయి. రెండుసార్లు ఫైల్ వెనక్కి వచ్చింది. మూడోసారి కూడా ఇలాగే వస్తే పని ఇవ్వమని మెయిల్ పెట్టారు. సరే అని దాచుకున్న డబ్బులు తీసి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొన్నాను. శనివారం సాయంత్రం వచ్చింది. సోమవారం పొద్దున ఫైల్ ఇవ్వాలి.

ఇప్పుడు జరిగింది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నా సీపీయూలో గ్రాఫిక్స్ కార్డ్ ఉంది. దానికి హెచ్‌డీఎంఐ పోర్ట్ ఒక్కటే. పాత మానిటర్‌కి వీజీఏ తప్ప ఇంకోటి లేదు. వీజీఏ అంటే స్క్రూలు బిగించే నీలం రంగు పిన్ను, 1987లో ఐబీఎం తెచ్చింది. అందుకే ఇన్నాళ్లూ హెచ్‌డీఎంఐకి ఒక అడాప్టర్ పెట్టి పాతదాన్ని నడిపించాను. ఇప్పుడు కొత్తది రాగానే ఆ హెచ్‌డీఎంఐ దానికి ఇచ్చేశాను. మరి పాతదానికి? వెనక చూస్తే మదర్‌బోర్డ్ మీద నీలం రంగు వీజీఏ పోర్ట్ ఖాళీగా కనిపించింది. అబ్బ, అడాప్టర్ కూడా అక్కర్లేదు అనుకుని నేరుగా పెట్టేశాను.

నో సిగ్నల్.

కేబుల్ తీసి పెట్టాను. రీస్టార్ట్ చేశాను. పవర్ ఆపి పది నిమిషాలు ఆగాను. మళ్లీ నో సిగ్నల్. రాత్రి పదకొండు అయింది. నాన్న వచ్చి చూసి, "ఏరా, పోయిందా? పోనీలే, దాని పని అది చేసింది. రేపు పాత సామాను అతను వస్తాడుగా, ఇచ్చేద్దాం" అన్నారు. మామూలుగానే అన్నారు గానీ, వెళ్తూ వెళ్తూ చొక్కా అంచుతో ఆ మానిటర్ మీద దుమ్ము తుడిచారు. నాకు నిద్ర పట్టలేదు.

ఒంటిగంటకి లేచి, అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అప్పుడు చేశాను. కొత్తది తీసేసి, పాతదాన్ని మళ్లీ దాని పాత అడాప్టర్‌తో హెచ్‌డీఎంఐకి పెట్టాను. బొమ్మ వచ్చేసింది! అంటే మానిటర్ పోలేదు. ఆ వీజీఏ పోర్టే పని చేయడం లేదు.

ఎందుకంటే, మదర్‌బోర్డ్ మీద ఉన్న పోర్టులకి బొమ్మ ఇచ్చేది ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్. నా ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంది. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. పోర్ట్ కంటికి కనిపిస్తుంది, కానీ దానికి బొమ్మ పంపేవాళ్లు లేరు. మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నా, కార్డ్ పెట్టాక కొన్ని కంప్యూటర్లలో మదర్‌బోర్డ్ పోర్టులు ఆగిపోతాయి. బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. అందుకే నేను చెప్పేది ఒక్కటే. కార్డ్ ఉంటే రెండు మానిటర్లూ కార్డ్‌కే పెట్టండి. ఏదైనా కొనే ముందు మానిటర్ వెనక మాత్రమే కాదు, సీపీయూ వెనక కూడా ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి.

ఆ ఫోటో పట్టుకుని ఆదివారం తెలిసిన షాప్‌కి వెళ్లాను. అన్న ఫోటో చూడగానే "కార్డ్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఖాళీగా ఉంది కదా, దాని నుంచి వీజీఏకి అడాప్టర్ తీసుకో" అన్నారు. డిస్‌ప్లేపోర్ట్ కూడా చూడ్డానికి హెచ్‌డీఎంఐ లాగే ఉంటుంది, కానీ ఒక మూల మాత్రమే కోసినట్టు ఉంటుంది. అందులో హెచ్‌డీఎంఐ పిన్ను దూర్చకండి, విరుగుతుంది.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. అడాప్టర్‌కి దిశ ఉంటుంది. హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చడానికి లోపల చిన్న చిప్ ఉంటుంది, అది ఒకవైపే పని చేస్తుంది. కంప్యూటర్ వైపు పేరు ముందు, మానిటర్ వైపు పేరు తర్వాత ఉండాలి. కంప్యూటర్‌కి హెచ్‌డీఎంఐ, మానిటర్‌కి వీజీఏ ఉంటే మీకు కావాల్సింది "హెచ్‌డీఎంఐ టు వీజీఏ". నా ఫ్రెండ్ ఒకడు "వీజీఏ టు హెచ్‌డీఎంఐ" తెప్పించుకుని, పిన్నులు సరిపోక దాన్ని డ్రాయర్‌లో పడేశాడు.

సరే, రెండూ వెలిగాయి. ఇప్పుడు సెట్టింగ్స్. కీబోర్డ్ మీద విండోస్ కీ, పీ కలిపి నొక్కండి. నాలుగు ఆప్షన్లు వస్తాయి. డూప్లికేట్ వద్దు, రెండిటిలోనూ ఒకటే కనిపిస్తుంది, కొత్తదాని క్లారిటీ కూడా తగ్గొచ్చు. ఎక్స్‌టెండ్ పెట్టండి. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్తే 1, 2 అని రెండు డబ్బాలు కనిపిస్తాయి. టేబుల్ మీద పాతది ఎడమవైపు ఉంటే, ఆ డబ్బాని కూడా ఎడమవైపుకి లాగండి. లేకపోతే మౌస్ ఒకవైపు తోస్తే ఇంకోవైపు నుంచి వస్తుంది, పిచ్చెక్కుతుంది. కొత్తదాన్ని సెలెక్ట్ చేసి మెయిన్ డిస్‌ప్లేగా టిక్ పెట్టండి.

ఇంకో మంచి విషయం. 19 అంగుళాల చదరం మానిటర్, 24 అంగుళాల వైడ్ మానిటర్ స్క్రీన్ల ఎత్తు దాదాపు ఒకటే, సుమారు 30 సెంటీమీటర్లు. పాతదాని రిజల్యూషన్ 1280 ఇంటూ 1024, కొత్తది 1920 ఇంటూ 1080. కాబట్టి అక్షరాల సైజు కూడా దగ్గరగానే ఉంటుంది. అదే 27 అంగుళాల 4కే కొని ఉంటే విండోని ఇటు నుంచి అటు లాగినప్పుడల్లా సైజు గొడవ వచ్చేది. అప్పుడు స్కేల్ ఆప్షన్‌తో సర్దుకోవాలి. పాత మానిటర్ పక్కకి ఎంత పెద్దది అని కాదు, దానికి జత కుదిరేది ఏదని చూడండి.

వీజీఏలో బొమ్మ పక్కకి జరిగినట్టు, మసకగా ఉంటే మానిటర్ కింద ఆటో బటన్ ఉంటుంది, ఒకసారి నొక్కండి. రంగులు మాత్రం రెండిటిలో ఒకేలా రావు. ఫోటో ఎడిటింగ్ చేసేవాళ్లు ఏదో ఒకదాన్నే నమ్ముకోండి.

మెయిన్ మానిటర్ మీ ముఖానికి ఎదురుగా, చేయి చాచినంత దూరంలో ఉండాలి. పై అంచు కంటి ఎత్తుకి కొంచెం కిందే ఉండాలి. రెండోది పక్కన కాస్త మీ వైపు తిప్పి పెట్టుకోండి. రెండిటి మధ్య గీతకి ఎదురుగా కూర్చుంటే రోజంతా మెడ పక్కకే ఉంటుంది. నా పాతదానికి స్టాండ్ పొట్టి, అందుకని కింద రెండు లావు డిక్షనరీలు పెట్టాను.

నిజం చెప్పాలంటే, ఇది పెట్టిన మొదటి వారం నా పని ఇంకా నెమ్మదించింది. ఎందుకంటే పాత స్క్రీన్ మీద వాట్సాప్, క్రికెట్ స్కోర్ పెట్టాను! తర్వాత ఒక రూల్ పెట్టుకున్నాను. కొత్తదాని మీద టైపింగ్, పాతదాని మీద వీడియో. అంతే, మూడోది లేదు. విండోని ఇటు నుంచి అటు పంపాలంటే విండోస్ కీ, షిఫ్ట్, బాణం గుర్తు కలిపి నొక్కండి చాలు.

ఆ సోమవారం ఫైల్ టైమ్‌కి ఇచ్చాను. వెనక్కి రాలేదు. పాత సామాను అతను వచ్చినప్పుడు నాన్న ఖాళీ అట్టపెట్టె ఒక్కటే ఇచ్చి పంపించారు. ఇప్పుడు రోజూ సాయంత్రం వచ్చి, "నా మానిటర్ ఏం చేస్తోంది?" అని అడుగుతుంటారు.

మీ ఇంట్లో కూడా మూలన ఒక పాత మానిటర్ ఉండే ఉంటుంది. పోయింది అనుకునే ముందు పని చేసే పోర్ట్‌కి ఒక్కసారి పెట్టి చూడండి. వెలిగిందో లేదో, వెనక ఏ పోర్ట్ ఉందో కామెంట్‌లో రాయండి, చూసి జవాబు ఇస్తాను. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు, ఉంటాను ఫ్రెండ్స్.