ఆగినవాడిపై లాఠీ ఎందుకు?

(ఆదోని సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నాలుగు తగిలిస్తేనే దారికొస్తాడు" అని ఆదోని, ఎమ్మిగనూరు టీకొట్ల దగ్గర మనమే అంటుంటాం. ఆ నాలుగు ఎక్కడ ఆగాలో మాత్రం అడగం.

కత్తి దూసినవాడి ముందు కానిస్టేబుల్ చేతులు కట్టుకుని నిలబడాలని మనం అనడం లేదు. అరెస్టును బలంతో ఎదిరిస్తే అవసరమైన బలం వాడొచ్చని పాత నేర విచారణ స్మృతి 46వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. కానీ మరణశిక్షో, యావజ్జీవమో పడే నేరం కాకపోతే ప్రాణం తీసే హక్కు అందులో లేదు. పారిపోకుండా ఆపడానికి మించిన నిర్బంధం కూడదని కూడా చట్టమే అంటోంది. అంటే లొంగిపోయినవాడి మీద పడే లాఠీ దెబ్బ చట్టం కాదు, నేరం.

మరి "ఎదిరించాడు" అని రాసేదెవరు? కొట్టినవాళ్లే! 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో భార్యపై అత్యాచారాన్ని నిలదీసిన రిక్షా కార్మికుణ్ని కొట్టి చంపారు. పోలీసులదే తప్పని జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. కేసు మన పక్కనున్న రాయచూరుకు మారింది. నిందితులు నిర్దోషులై బయటికొచ్చారు.

అందుకే 1996 డి.కె. బసు తీర్పు మనకు కంఠతా రావాలి. అరెస్టు మెమోపై సాక్షి సంతకం, బంధువులకు కబురు, 48 గంటలకోసారి వైద్య పరీక్ష. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు రాజ్యాంగమే ఇచ్చిన హక్కు.

ధర్నాలో మన విద్యార్థిని ఈడ్చుకెళ్లినప్పుడే కాదు, సంతలో జేబుదొంగను పట్టుకెళ్లినా ఇవే అడుగుదాం. వాడికి లేని రక్షణ రేపు మనకూ ఉండదు.