అతుకుల బొంత

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం నాడు మడకశిర సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ప్రాముఖ్యం తమకందరికీ విదితమే. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున మనం కరువు భృతి గురించీ, బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడుకుంటాం. వాటిమీద మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. అధ్యక్షులవారు మాత్రం నన్ను పిలిచి, "రిటైరైనాక నువ్వు పట్టిన పని గురించి పది నిమిషాలు చెప్పప్పా" అన్నారు. నేను పట్టిన పని బొంతలు కుట్టడం, దిండ్లు నింపడం. వెనక వరసలో ఎవరో నవ్వినట్టున్నారు. నవ్వవచ్చు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేనూ నవ్వినవాణ్ణే. ఆ సంగతే ఈ రోజు మనవి చేయదలచాను.

పత్రికల్లో తమరు చూసే ఉంటారు. సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడినప్పుడల్లా "అతుకుల బొంత" అని రాస్తారు. అంటే నిలవదు, ఎప్పుడో ఒకప్పుడు విడిపోతుంది అని వారి భావం. అలా రాసినవారు బొంత కప్పుకుని ఎరుగరని నాకనిపిస్తుంది. మా అమ్మ కుట్టిన బొంత మా అన్నదమ్ములు నలుగురికీ సరిపోయి, మా తర్వాత మా చిన్నాన్న పిల్లలకు వెళ్ళింది. పైగుడ్డ చిరిగితే దానిమీద ఇంకో గుడ్డ వేసి కుట్టేవారు. అతుకు వల్ల బొంత విడిపోదు. అతుకు వేయడం మానితేనే విడిపోతుంది.

బొంత మన ఒక్కరిదే కాదు. మన అగళి, రొళ్ళ వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళల్లో దీన్ని కౌది అంటారు. మహారాష్ట్రలో గోధడి, బెంగాలులో కాంథా, సింధు ప్రాంతంలో రల్లీ. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కవంది అనేది కుడతారు. నాలుగు మూలలా గుడ్డను మడిచి చిన్న పువ్వులాగా పెట్టనిదే అది పూర్తి అయినట్టు కాదని వారి నమ్మకం. పేరు ఏదైనా సూత్రం ఒకటే. కట్టి కట్టి మెత్తబడిన గుడ్డను పారేయకుండా, పొరలు పొరలుగా పేర్చి, ఒకటిగా కుట్టడం.

ఇక నా సంగతి. నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. 1976లో వివాహమైంది. నా భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానులో ఒక బొంత ఉండేది. ఎర్రంచు చీర పైన, వాళ్ళ నాయన పంచెలు లోపల. మన ప్రాంతంలో డిసెంబరు, జనవరి చలి ఎలా ఉంటుందో తమకు చెప్పనక్కరలేదు. ఆ రెండు నెలలూ ఆ బొంతే మాకు ఆధారం.

1979 చలికాలంలో ఒకరోజు మా పై అధికారి సకుటుంబంగా మా ఇంటికి వస్తున్నారని కబురు వచ్చింది. నేను ఇల్లంతా కలియజూసి, మంచం మీది బొంతను చూపి, "ముందు దాన్ని కనపడకుండా తీసెయ్, బిచ్చగాళ్ళ కొంప అనుకుంటారు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మడిచి అటక మీద పెట్టింది. మరుసటి నెల జీతంలో నేను రెండు షోలాపూరు దుప్పట్లు కొన్నాను. ఆ బొంత మళ్ళీ కిందికి దిగలేదు. వచ్చిన అధికారి చాలా మంచివారు, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆయన బొంతను చూసినా ఏమీ అనుకునేవారు కాదని ఇప్పుడు తెలుస్తున్నది. సిగ్గు అంతా నాదే.

ఆ తర్వాత ఆమె నా ఎదుట ఎప్పుడూ బొంత కుట్టలేదు. నేను ఆఫీసుకు వెళ్ళాక కుట్టేది. సాయంత్రం ఇంటికి వస్తే చాప మీద దారపు ముక్కలు కనిపించేవి. చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. ఎవరికి కుట్టేదో, ఎన్ని కుట్టిందో ఒక్కసారి కూడా అడగలేదు. 2008లో పదవీ విరమణ చేసి ఇంటిపట్టున ఉన్నాక కూడా అడగలేదు. అప్పుడు ఆమె మధ్యాహ్నాలు ఎదురింటి అరుగు మీద కూర్చుని కుట్టుకునేది.

2022 ఫిబ్రవరిలో ఆమె కాలం చేసింది. పదకొండో రోజున మా వీధివాళ్ళు చాలామంది వచ్చారు. ఒక తల్లి చెప్పింది: "మా ముగ్గురు పిల్లోళ్ళూ అక్క కుట్టిన బొంతల్లోనే పెరిగినారు సార్." ఇంకొకరు, "మా అమ్మ మంచం పట్టినప్పుడు మెత్తలు కుట్టిచ్చింది" అన్నారు. ఇలా ఒకరి తర్వాత ఒకరు. నేను ముప్పై అయిదేళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఇన్‌వార్డు, అవుట్‌వార్డు, స్టాకు, పర్సనల్ రిజిస్టరు, ఏ కాగితం ఏ తేదీన ఎవరి దగ్గరకు పోయిందో చెప్పగలిగినవాణ్ణి. మా ఇంటి నుంచి ఎన్ని బొంతలు ఎవరికి పోయాయో నా దగ్గర ఒక్క పంక్తి లేదు.

నెల దాటాక మా అమ్మాయి వచ్చి బీరువా సర్దుతుంటే, కింద ట్రంకు పెట్టెలో సగం కుట్టిన బొంత దొరికింది. నిజానికి సగం కూడా కాదు, మూడో వంతు. సూది దానికే గుచ్చి ఉంది, దారం ఎక్కించి ఉంది. అమ్మాయి "దీన్ని ఏం చేద్దాం నాన్నా?" అంది. ఎవరికైనా ఇచ్చి పూర్తి చేయించవచ్చు. నా నోటి నుంచి, "ఉండనీ, నేను కుడతాలే" అని వచ్చింది. అమ్మాయి నా ముఖం వంక చూసింది.

కుట్టడం నాకు బొత్తిగా తెలియదని కాదు. దబ్బనంతో ఫైళ్ళు కుట్టినవాళ్ళమే కదా మనమంతా! ఆ ధైర్యంతో మొదలుపెట్టాను. జానెడు కుట్టేసరికి గుడ్డ ముడుచుకుపోయింది. అరుగు మీది నుంచి చూసిన ఎదురింటామె, నాకు చెల్లెలు వరస, వచ్చి నవ్వింది. "ఏమన్నా, ఇది ఫైలు కాదు. నువ్వు అట్ల బిగించి లాగితే ఎట్ల? దారం గుడ్డ మీద పండుకోవాల." అలా నాకు మొదటి పాఠం జరిగింది.

ఆమె దగ్గర నేర్చుకున్నది క్లుప్తంగా చెబుతాను, ఆసక్తి ఉన్నవారికి ఉపయోగపడుతుంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు బొంతకు ఒక ముఖానికి ఒక నూలుచీర చాలు. చీరను ఏడడుగులవి రెండు ముక్కలు కోసి పక్కపక్కన కలిపితే వెడల్పు సరిపోను మిగులుతుంది. అడుగున ఇంకో చీర. మధ్యలో పాత పంచెలు, లుంగీలు, కాలర్లూ బొత్తాలూ తీసేసిన చొక్కాలు రెండు మూడు పొరలు. అన్నీ ఉతికి, ఎండలో బాగా ఆరినవై ఉండాలి. నేల మీద పరచి, మూలల్లో బరువు పెట్టి, ముడత లేకుండా చేత్తో సవరించాలి. ముందు కచ్చా కుట్టు వేసి పొరలు జరగకుండా చేసుకోవాలి. తర్వాత అసలు కుట్టు. అంచున మొదలుపెట్టి నాలుగు పక్కలా తిరుగుతూ, వేలెడు వెడల్పు ఎడంతో, లోపలికి లోపలికి వస్తూ నడుమ చేరుకోవాలి. నడుమ మొదలుపెడితే కుదరదా అంటే కుదురుతుంది, కానీ కొత్తవాళ్ళకు అంచులు వంకరపోతాయి.

ఈ కాలపు పద్ధతి ఇంకొకటి ఉంది. టైలర్ల దగ్గర మిగిలే కటింగు ముక్కలు తెచ్చి చదరాలుగా కోసి, పైముఖాన్ని మిషను మీద కలుపుతారు. ఆరంగుళాల చదరం కావాలంటే ఆరున్నర అంగుళాలు కోయాలి, నలువైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. అయిదడుగులకు పది, ఏడడుగులకు పద్నాలుగు, మొత్తం నూట నలభై చదరాలు. ఈ లెక్క మాత్రం నేనే వేశాను, గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? కొత్త నూలుగుడ్డను ఉతికి, ఆరబెట్టి, తర్వాతే కోయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోతుంది, పక్కనున్న టెర్లిన్ ముక్క అలాగే ఉంటుంది, బొంత అంతా గుబురు గుబురుగా తయారవుతుంది. పట్టు ముక్కలు బొంతకు పనికిరావు, జారిపోతాయి. మా బంధువులు ధర్మవరం నుంచి తెచ్చిన పట్టు ముక్కలను మేము దిండు గలేబుల మీద అలంకారానికి వాడుతున్నాము.

దిండ్లకు బూరుగు దూది శ్రేష్ఠం. ఎండాకాలంలో కాయలు పగులుతాయి. గింజ తీసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని నింపాలి. లోపలి సంచీ దగ్గర నేతది కాకపోతే దూది పోగులు బయటికి వస్తాయి. ముందు మూలలు నింపి తర్వాత నడుమ నింపాలి. ఈ దిండును ఉతకరాదు, ఎండలో వేయాలి. మన సంఘ సభ్యులొకరు పక్షవాతంతో మంచాన ఉన్నారు. ఆయన మోచేతి కింద పెట్టుకునేందుకు మేము చిన్న దిండ్లు రెండు కుట్టి ఇచ్చాము. ఆయనకు మాట సరిగా రాదు. దాన్ని చేత్తో నొక్కి నొక్కి చూసుకున్నారు.

మా వయసువాళ్ళకు రెండు జాగ్రత్తలు. వేలికి అంగుస్తానా తప్పనిసరి, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారికి. రెండవది, కూర్చునే ముందు సూదులు లెక్కపెట్టాలి, లేచేముందు మళ్ళీ లెక్కపెట్టాలి. ట్రెజరీలో క్యాషు సరిచూసినట్టు. పసిబిడ్డ పడుకునే బొంతలో సూది మిగిలిపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

డబ్బు మిగులుతుందా అని అడిగేవారికి నిజం చెప్పాలి. మిగలదు. హిందూపురం బజారుకు వెళితే మిషను రజాయి చవకగా వస్తుంది. రోజుకు రెండు గంటల చొప్పున నాకు ఒక బొంతకు రెండు నెలలు పట్టింది. ఆ లెక్కన కూలి కట్టితే ఎవరూ కొనలేరు.

మా మనవరాలు బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు నా వాలకం చూసి, ఫోనులో ఒక సంగతి చూపింది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో నది మలుపులో జీస్ బెండ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు చిరిగిన పని బట్టలతో తరతరాలుగా బొంతలు కుట్టారు. వాటిని 2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత న్యూయార్కులోనూ పెద్ద మ్యూజియంలలో గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేశారు. అందులో మిజూరీ పెట్వే అనే ఆమె 1942లో, చనిపోయిన తన భర్త పని బట్టలు కోసి, తాను కప్పుకునేందుకు ఒక బొంత కుట్టుకున్నది. ఆ బొమ్మను చాలాసేపు చూశాను. అక్కడ మోకాళ్ళు అరిగిన ప్యాంట్లు, ఇక్కడ వెలిసిపోయిన చీరలు. మనం అటక మీద దాచినదాన్ని వాళ్ళు గోడకు ఎక్కించారు.

నా బొంత ఆ ఏడాది దీపావళికి పూర్తి అయింది. ఆమె కుట్టినంత మేర కుట్లు వడ్ల గింజల్లా సమంగా ఉంటాయి. నావి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎక్కడ ఆమె ఆపిందో, ఎక్కడ నేను మొదలుపెట్టానో చీకట్లో చేత్తో తడిమినా తెలుస్తుంది. ఎదురింటి చెల్లెలు, "నీవి విప్పి మళ్ళీ కుట్టిస్తాను అన్నా" అంది. వద్దన్నాను. అటక మీది ఎర్రంచు బొంతను కూడా దింపాను. ఎలుకలు రెండు చోట్ల కొట్టాయి. అతుకు వేశాను. ఇప్పుడు రెండూ నా మంచం మీదే ఉన్నాయి, ఎవరు వచ్చినా తీయడం లేదు.

ఇప్పుడు మా అరుగు మీద గురువారం మధ్యాహ్నాలు నలుగురు ఆడవాళ్ళూ, ఇద్దరు పెన్షనర్లమూ కూర్చుంటున్నాము. మొదట దారిన పోయేవాళ్ళు వింతగా చూశారు. ఇప్పుడు పాత చీరలు తెచ్చి ఇస్తున్నారు. ఒక చీర వస్తే దాని వెనక ఒక కథ వస్తుంది. చేతులు పనిలో ఉంటే మనుషులు మనసులోని మాటలు తేలికగా చెప్పుకుంటారని ఈ వయసులో తెలుసుకున్నాను.

సోదరులారా, రెండు విన్నపాలు చేసి ముగిస్తాను. చేసిన సేవకు హక్కుగా పెన్షన్ వస్తుందని ఈ రోజు గర్వంగా చెప్పుకుంటున్నాం. మన ఇళ్ళల్లో జరిగిన సేవకు ఏ సర్వీసు రిజిస్టరూ లేదు. మీలో అదృష్టవంతులు, ఇంట్లో ఇల్లాలు ఉన్నవారు, ఈ రాత్రి భోజనమయ్యాక ఆమె దగ్గర కూర్చుని, ఇన్నేళ్ళలో ఎవరెవరికి ఏమేమి కుట్టి ఇచ్చిందో అడగండి. ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. రాయడం మనకు వచ్చిన విద్యే కదా. నాకు ఆ అవకాశం నలభై ఆరేళ్ళు ఉండి కూడా పోయింది.

రెండవది, వచ్చే గురువారం మా అరుగు మీదికి రండి. సూదీ దారం నా దగ్గర ఉన్నాయి. పాత గుడ్డ ఒకటి, మీ కళ్ళజోడు మీరు తెచ్చుకోండి.