చిన్న సామాను మీదే పెద్ద భారం



లోదుస్తుల మీద బహిరంగ సభేమిటని కొందరు ముక్కున వేలేసుకున్నారట. ఇంటింటా రోజూ ఉతికి ఆరేసే బట్ట గురించి మాట్లాడుకోవడానికి సిగ్గెందుకు? పైగా ఇవాళ నేను మాట్లాడేది బట్ట గురించి కూడా కాదు. బ్రాలో బట్ట కానివి కొన్ని ఉంటాయి: వీపున హుక్కులు, భుజం పట్టీకి రింగులు, స్లైడర్లు, కప్పు కింద వంపు తిరిగిన వైరు. ఇంట్లో కుట్టుకుందామనుకునేవాళ్లు లేసు రంగు ఎంచడానికి పూటంతా తిరుగుతారు. ఈ సామాను మాత్రం షాపతను చేతిలో పెట్టింది పెట్టినట్టు తెచ్చేసుకుంటారు. తీరా కుట్టాక జారేదీ, గుచ్చుకునేదీ, తెగేదీ ఈ సామాను దగ్గరే. అందుకే నా మాట ఒక్కటే: బరువు ఎటు పోతోందో చూసి సామాను కొనండి. అందం ఆ తరవాత.

సామాను లేకుండా రొమ్ముకట్టు ఉండదా అంటే, ఉంటుంది. మన లంబాడీ స్త్రీల కాంచళి వీపున తాళ్లతో ముడిపడుతుంది. అమెరికాలో 1914 నవంబరు 3న మేరీ ఫెల్ప్స్ జేకబ్ పేటెంటు పొందిన బ్రాకి మూలం రెండు పట్టు చేతిరుమాళ్లు, కాస్త రిబ్బను. అదీ కట్టుకునేదే. ముడితో వచ్చిన చిక్కల్లా దాని బిగువు ఇవాళ ఒకలా, రేపు ఒకలా ఉండటం. రోజూ ఒకే బిగువు కావాలంటే కొలత ప్రకారం సర్దుకునే పట్టీ కావాలి. అలాంటి పట్టీకి పేటెంటు తీసుకున్నవాళ్లలో ఒక రచయిత ఉన్నాడంటే నమ్ముతారా? మార్క్ ట్వెయిన్! అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. భుజాల మీంచి వేసుకునే సస్పెండర్లంటే ఆయనకు గిట్టదు. దుస్తులను ఒంటికి బిగువుగా పట్టి ఉంచుతూ, కావాలంటే విప్పి మరో దానికి తగిలించుకోగల పట్టీని రూపొందించి 1871 డిసెంబరు 19న పేటెంటు పొందాడు. బ్రా వెనక పట్టీ చేసే పనీ అదే.

ఇక బరువు సంగతి. భారం భుజాలు మోస్తాయనుకుంటాం. మోయాల్సింది పక్కటెముకల చుట్టూ తిరిగే కింది పట్టీ. భుజం పట్టీ కప్పును చోటు కదలకుండా నిలిపితే చాలు. కింది పట్టీ వదులైందా, భారమంతా భుజాలకెక్కి కావడి బద్దలా ఒరుసుకుంటుంది. భుజాన గాట్లు పడ్డవాళ్లు వెంటనే వెడల్పాటి పట్టీ కోసం వెతుకుతారు. ముందు చేతులు పైకెత్తి చూసుకోండి. కింది పట్టీ వీపు మీదకి ఎగబాకితే లోపం అక్కడుంది. కాబట్టి డబ్బు పెట్టాల్సిన వరస కూడా అదే: మొదట హుక్కు పట్టీ, తరవాత వైరు, ఆ తరవాత రింగులూ స్లైడర్లూ. బో ముడి పువ్వులు చిట్టచివర.

జాకెట్టు కుట్టే ప్రతి ఇల్లాలికీ హుక్కుల పట్టీ, కాజాల పట్టీ తెలుసు. జాకెట్టు హుక్కులే బ్రాకి వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. వద్దు. జాకెట్టు ముందు భాగాన వరసగా ఉన్న హుక్కులు లాగుడును పంచుకుంటాయి. బ్రా వీపున ఉండేవి రెండో మూడో, ఎలాస్టిక్ వాటిని పొద్దస్తమానం గుంజుతూనే ఉంటుంది. చేత్తో కుట్టిన విడి హుక్కు పక్కకు తిరిగిపోతుంది, దారం తెగుతుంది. అందుకే బ్రాకి ప్రత్యేకంగా తయారుచేసిన జంట పట్టీ దొరుకుతుంది. ఒకదాన్లో హుక్కులు, రెండోదాన్లో సాధారణంగా మూడు నిలువు వరసల కాజాలు. హుక్కుకీ హుక్కుకీ మధ్య దూరం మామూలుగా ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. పలచని ఒంటికి రెండు హుక్కుల పట్టీ చాలు. బరువు ఎక్కువైతే మూడు హుక్కులు తీసుకోండి. పట్టీ ఎత్తుకి తగ్గట్టు బ్రా వెనక అంచును ముందే గీసుకోవాలి. బట్ట కోసేశాక పట్టీ వెతుక్కుంటే అతుకు కుదరదు.

మూడు వరసలు ఎందుకంటే, కొత్త బ్రా అన్నిటికంటే వదులైన వరసలో సరిపోవాలి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు రెండో వరసకి, మూడోదానికి జరుగుతారు. కొత్తదే ఆఖరి వరసలో పెట్టుకోవాల్సి వస్తే ఆ కొలత తప్పినట్టే. కుట్టేటప్పుడు గుర్తుంచుకోండి: కాజాల పట్టీ ఒంటివైపు, హుక్కుల పట్టీ దాని మీద. లోహానికీ చర్మానికీ మధ్య ఎప్పుడూ ఒక బట్ట పొర ఉండాలి.

స్లైడరు, రింగు కొలత అంటే బయటి అంచు కాదు, పట్టీ దూరే లోపలి వెడల్పు. 10, 12, 15, 20 మిల్లీమీటర్లు, ఇలా వస్తాయి. ఎలాస్టిక్ కంటే స్లైడరు వెడల్పైతే పట్టీ మడతపడి జారుతుంది. ఇరుకైతే అంచులు ముడుచుకుని భుజాన్ని కోస్తాయి. మన షాపుల్లో ఎలాస్టిక్ అంగుళాల్లో, రింగు మిల్లీమీటర్లలో చెబుతారు. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు, 12 స్లైడర్లో అది కాస్త బిగుసుకుంటుంది. లెక్కలెందుకు, ఎలాస్టిక్ ముక్క పర్సులో వేసుకెళ్లి అక్కడే దూర్చి చూడండి. బేగంబజార్లో అయినా, మీ వీధి చివరి ఫ్యాన్సీ షాపులో అయినా కాదనేవాళ్లుండరు.

దూర్చే వరస చాలామందిని తికమక పెడుతుంది. ఎలాస్టిక్ కొసను స్లైడరు నడిమి కడ్డీ చుట్టూ సెంటీమీటరున్నర మడిచి కుట్టేయండి. రెండో కొసను రింగులోంచి తీసి వెనక్కి తెండి. మళ్లీ స్లైడరు కింది నుంచి ఒక సందులోకి ఎక్కించి, నడిమి కడ్డీ మీదుగా రెండో సందులోకి దించండి. అక్కణ్ణుంచి అది భుజం మీదుగా అవతలి వైపు పోతుంది. ఎలాస్టిక్ మెత్తటి వైపు చర్మానికి తగలాలి.

వైరు దగ్గరికి వస్తే అందరికీ భయమే. ముందు ఆ భయం తీరుద్దాం. వైరున్న బ్రా వేసుకుంటే కేన్సర్ వస్తుందన్న ప్రచారం ఉంది. అమెరికాలో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ కేన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు ముట్లుడిగిన స్త్రీలలో, రొమ్ము కేన్సర్ వచ్చిన వెయ్యి మందికి పైగా అలవాట్లను రానివాళ్లతో పోల్చి 2014లో అధ్యయనం ప్రచురించారు. వైరుకూ జబ్బుకూ సంబంధమే కనిపించలేదు. వైరు చేసే హాని గుచ్చుకోవడమే, అది కుట్టులోని లోపం. వైరు రొమ్ము మొదలు చుట్టూ పక్కటెముకల మీద చదునుగా కూర్చోవాలి, కండ మీదకి ఎక్కకూడదు. అది దూరే గొట్టం పట్టీ వైరు కంటే రెండు కొసలా కలిపి సుమారు ఒక సెంటీమీటరు పొడుగుండాలి. వేసుకున్నప్పుడు వైరు కాస్త విచ్చుకుంటుంది, ఆ కదలికకు చోటు లేకపోతే కొస గుడ్డను పొడుచుకుని బయటికొస్తుంది. రెండు కొసలూ దగ్గర దగ్గర జిగ్‌జాగ్ కుట్టుతో గట్టిగా మూసేయండి. పొడుగైన వైరును కత్తిరిస్తే కొసను ఆకురాయితో అరగదీసి, కరెంటు సామాన్ల షాపులో దొరికే, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. మొదటిసారి కుట్టేవాళ్లు వైరు లేని నమూనా ఎంచుకోవడం మంచిది.

లోహం విషయంలో ఒక జాగ్రత్త. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు దురదపెట్టి రసి కారేవాళ్లు ఇక్కడ తప్పకుండా ఉంటారు. దానికి ఎక్కువసార్లు కారణం నికెల్. చెమట దాన్ని లోహంలోంచి కొద్దికొద్దిగా కరిగించి చర్మానికి అంటిస్తుంది. యూరప్ దేశాల్లో చర్మాన్ని ఎక్కువసేపు తాకే వస్తువు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ వదలకూడదని నిబంధన ఉంది. మన కోస్తా ఉక్కలో ఈ జాగ్రత్త మరీ అవసరం. కమ్మలు పడనివాళ్లు నైలాన్ పూత ఉన్నవి గానీ, గట్టి ప్లాస్టిక్ స్లైడర్లు గానీ తీసుకోండి. పూత పెచ్చులూడితే మాత్రం మార్చేయాలి. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుమో ఉక్కో ఉన్నట్టు, నికెల్ లేదని కాదు. తుప్పు పరీక్షకు ఒక రింగును ఉప్పునీళ్లలో రెండు రాత్రులు ఉంచండి. ఎర్ర మరక తేలితే ఆ రకం కొనకండి.

ఇక కుట్టు. పాలియెస్టర్ దారం, సాగే బట్టకు పనికొచ్చే సూది తీసుకోండి. హుక్కు దగ్గరికి రాగానే కాలు ఆపి, చేత్తో చక్రం తిప్పుతూ కుట్టండి. సూది లోహాన్ని తాకితే విరిగి కంటికే ప్రమాదం. మీ ఇంట్లో తిన్నని కుట్టు వేసే కాలు మిషనే ఉందా? ఎలాస్టిక్ మీద తిన్నని కుట్టు సాగగానే తెగుతుంది. చీరకు ఫాల్, పీకో చేసే ప్రతి షాపులోనూ జిగ్‌జాగ్ మిషను ఉంటుంది, ఆ భాగం అక్కడ వేయించుకోండి.

ఇంట్లో కుట్టడంలో అసలు లాభం డబ్బు మిగలడం కాదు, మన ఒంటికి కావలసిన చోట సామాను పెట్టుకోగలగడం. కీళ్ల నొప్పులున్న అమ్మకూ, రొమ్ము ఆపరేషను తరవాత చెయ్యి పైకెత్తలేని వదినకూ హుక్కు పట్టీ ముందు వైపు వేయవచ్చు. బాలెంతకు కప్పు కిందికి దిగే క్లిప్పు పెట్టవచ్చు. ఇలాంటివి చాలా ఊళ్లలో షాపుల్లో వెతికినా దొరకవు.

కుట్టుకున్నాక కాపాడుకోవాలి. బ్లీచింగు, వేడినీళ్లు, ఇస్త్రీ ఎలాస్టిక్‌కు శత్రువులు. ఎవరైనా చూస్తారని తడి చీర కింద దాచి ఆరేస్తే గాలాడక హుక్కు తుప్పు పడుతుంది, బట్టకు బూజు పడుతుంది. నీడలో, గాలికి, ఏ ముసుగూ లేకుండా ఆరేయండి.

చివరిగా రెండు విన్నపాలు. ఇంటికెళ్లాక పాత బ్రా ఒకటి విప్పదీయండి. ప్రతి ముక్కా ఎక్కడ ఎలా కుట్టారో చూసి, కొలతలు రాసుకోండి. రింగులు, స్లైడర్లు బాగుంటే మళ్లీ వాడుకోవచ్చు. రెండోది ఇక్కడున్న టైలరింగు టీచర్లకు. అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో మన ఆడపిల్లలే విదేశాల కోసం లోదుస్తులు కుడుతున్నారు. మన ఊరి శిక్షణలో మాత్రం జాకెట్టు, లంగా, పంజాబీ డ్రెస్సు దగ్గరే పాఠం ఆగిపోతోంది. వచ్చే బ్యాచి నుంచి దానికి బ్రా కూడా చేర్చండి. మొదటి పాఠం హుక్కు పట్టీతో మొదలుపెట్టండి.