ఊరి చెత్త - ఊరి కూర
(హిందూపురమున నొక పఠనమందిరమునందు చేసిన ఉపన్యాస పాఠము)



హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలో నే పేటకు బోయినను రెండు వస్తువులు తప్పక కానవచ్చును. ఒకటి చెత్తకుప్ప, రెండవది వయ్యారిభామ మొలిచిన ఖాళీ స్థలము. ఈ రెంటిని కలిపి పేటవారందఱికి నుమ్మడి కూరతోట చేయవచ్చునని మనవి చేయుటకే నేడిచ్చటికి వచ్చితిని.

మొదట స్థలము మాట. వకీలునకు భూమిమీదనే గదా దృష్టి! ఇండ్ల స్థలములుగా భూమిని విభజించునపుడు నూటికి పదివంతులైనను బహిరంగ స్థలముగా విడిచి, దానపత్ర మూలమున స్థానిక సంస్థకు అప్పగింపవలెనని నిబంధన కలదు. ఆ స్థలము కాగితముపై నుద్యానవనము. పోయి చూచిన ముండ్లకంప. ఎవరును పట్టించుకొనని నేలకు కంచె వేసినవాడే కొన్నాళ్ళకు యజమాని యగుచున్నాడు. అచ్చట పదుగురు తోటకూర, బచ్చలి, మునగ పెంచుచుండిరేని ఆక్రమణకు తావుండదు. అయితే మనమును ఆక్రమణదారులము కారాదు. పురపాలక సంఘముచేతనో, నగర పంచాయతిచేతనో తీర్మానము వ్రాతమూలముగా పొందవలెను. నీరు పోయు వంతు ఎవరిది, కోసిన కాయ ఎవరిది యను సంగతులను విత్తుటకు ముందే పుస్తకమున నెక్కింపవలెను. ఉమ్మడి తోటలు చీడవలనకంటె తగవులవలననే హెచ్చుగా చెడునని నా యభిప్రాయము.

ఇక నీరు. అనంతపురపు సీమలో సాలీనా వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. కోనసీమవారివలె కాలువ పాఱించుట మనకు పొసగదు. కుమ్మరి యింట వంకరపోయి అమ్ముడుపోని కుండలుండును. రంగు పూయని కుండను మూతివఱకు పాతి, నీరు నింపి, మూకుడు మూయుడు. నీరు కుండగోడలనుండి యూరి వేళ్ళకు మాత్రమే చేరును. ఇట్లు కుండ పాతి దాని చుట్టును తీగలు పెంచుటను రెండువేల యేండ్లనాటి చైనా వ్యవసాయ గ్రంథమొకటి వర్ణించినది. నేలపై వేరుసెనగ పొట్టు, కొబ్బరి పీచు పఱచిన ఎండకు తడి యాఱదు.

ఎరువునకు మనకు పొరుగుననే మార్గము దొరకినది. హోవర్డు, యశ్వంత్ వాడ్ పండితులు 1931లో ప్రకటించిన ఇందూరు పద్ధతిలో కుప్పను పలుమాఱులు తిరుగవేసి తడుపవలెను. బెంగుళూరున ఆచార్యగారు 1939లో రూపొందించిన పద్ధతికి ఆ శ్రమ లేదు. మూడడుగుల గుంతలో చెత్తను, పేడను పొరలుపొరలుగా నింపి పైని మట్టి మెత్తిన, ఆఱెనిమిది మాసములలో నెరువగును. వాన తక్కువయైన ప్రదేశములకు ఇదియే తగినది. సంతలో మిగిలిన ఆకులు, పట్టుపురుగులు తినగా మిగిలిన మల్బరీ కాడలు, వానితోడి పెంట మనకు కొదువయా?

పాతదైన ప్రతి వస్తువును పనికివచ్చునని మాత్రము భ్రమపడకుడు. ధర్మవరము మగ్గముల యూరు. పట్టునకు రంగు వేసిన నీటిని కూరమడికి పోయరాదు. పురుగుమందు డబ్బాలలో మొక్క నాటరాదు. గట్లకు బండముక్కలు, విఱిగిన పెంకులు చాలును. 1991లో సోవియట్ యూనియన్ కూలి దిగుమతులు సన్నగిల్లినపుడు హవానా నగరవాసులు ఖాళీ స్థలములలో దొరకిన ఱాతిముక్కలతో, పెంకులతో గట్లు పేర్చియే కూరలు పండించిరి. అంత దూరము పోనేల? చెన్నేకొత్తపల్లి చెంత టింబక్టు కలెక్టివ్‌వారు 1990లో 32 యెకరముల బీడుతో నారంభించి, దానిని పచ్చని చెట్లతో నింపిరి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆకుకూర యొక్కటియే దీనిని మాన్పునని నేననను. కాని కూలి చేసుకొను నిల్లాలు కూరల ధర విని వట్టి చేతులతో తిరిగి వచ్చు పేటలో, నాలుగు కట్టల ఆకుకూర వెల లేక దొరకుట చిన్న సంగతి కాదు.

కార్తికమున మూసిన గుంతను ఆషాఢమున విప్పవచ్చును. వాకిట నొక పుస్తక ముంచినాము. గునపము తేగలవారు, కుండ తేగలవారు, వారమున కొకపూట పని చేయగలవారు తమ పేరులు వేర్వేఱుగా వ్రాయుడు. చందా యక్కఱలేదు.