పురుషగ్రంథి రసము



శిరస్సునందలి పీయూషగ్రంథి యాజ్ఞాపించినగాని వృషణములు టెస్టోస్టిరోను అను రసమును చాలినంత పుట్టింపవు. శాస్త్రజ్ఞులు దీనిని 1935లో కృత్రిమముగా నిర్మించిరి. కండబలమునకై కొందఱు యువకులు దీనిని సూదిమందుగా గైకొనుచున్నారు. అప్పుదెచ్చిన ధాన్యముతో గాదె నిండినదని సేద్యము మానినట్లు, అప్పుడు పీయూషగ్రంథి తన యాజ్ఞను నిలుపును, వృషణములు కృశించును, సంతానబీజము క్షీణించును. సూదిమందు మానిన పిదపను గ్రంథులు మేల్కొనుటకు నెలలు పట్టును.

అట్టివారిలో కొందఱికి వైద్యులు క్లోమిఫీన్ మాత్రలనిచ్చి యా యాజ్ఞను మరల పుట్టింతురు. జింకు, డి-విటమినులు వానికి లోపమున్నవారికే తోడ్పడును. తక్కినవారికి ధనవ్యయమే ఫలము. ఈ రెంటిని స్వబుద్ధితో కలిపి సేవింపరాదు. ప్రాతఃకాలమున రక్తపరీక్ష చేయించి, వైద్యుని యనుమతి పొందుట ముఖ్యము. బిడ్డలను గోరు యువకులకు ఈ సంగతి ముందుగనే తెలుపుడు.