ఏ ఆపద మనకు ఎంత టైము ఇస్తది?



ఈ ఏడాది మా నెల మీటింగుల్లో పొదుపు, అప్పుల లెక్కలు అయినంక ఒక ముచ్చట పెట్టుకున్నం. మన ఇంటికి ఏ ఆపద ఎటు నుంచి వస్తది, వచ్చే ముందు ఎంత టైము ఇస్తది అని.

దామరచర్ల మండలంల ఈ మాట అడిగితే ముందుగాల అందరి నోట వచ్చేది కృష్ణమ్మే. 2009 అక్టోబరు వరదను మన పెద్దోళ్లు ఇంకా మరువలేదు. కానీ కృష్ణ చెప్పి వస్తది. సాగర్ నిండి 26 గేట్లు ఎత్తుతున్నరంటే టీవీలో వస్తది, ఊర్లో చాటింపు అయితది. ఆ టైములో పశువులను మిట్టకు తోలొచ్చు, మోటార్లు విప్పుకోవచ్చు. మూసీ సంగతి వేరే. మన దగ్గర చినుకు పడకున్నా హైదరాబాదులో కురిసిన వాన వాడపల్లి సంగమానికే వస్తది. కాబట్టి నది ఒడ్డున ఉన్నోళ్లు మన మబ్బును చూస్తే చాలదు, పైనుంచి వచ్చే కబురు కూడా వినాలె.

టైము ఇయ్యనివి ఇంకా ఉన్నయి. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1న కురిసిన వానకు కోదాడలో కార్లు కొట్టుకపోయి ప్రాణాలు పోయినయి. అదే వానకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడ్డది. కాలువ మనకు అన్నం పెట్టేదే, దాన్ని ఆపద లెక్కల ఎవరు రాసుకుంటరు? మేము ఇప్పుడు రాసుకున్నం. రోడ్డు మీద వాగు పారుతుంటే బండి దింపొద్దని మగవాళ్లకు చెప్పాల్సింది కూడా మనమే. వాళ్లు వింటరా అనేది వేరే సంగతి.

ఇగ పిడుగు. పెద్ద వరద ఎన్నో ఏండ్లకు ఒకసారి వస్తది, పిడుగు ఏటా పడుతది. పత్తి ఏరేటప్పుడో, నాట్లప్పుడో వాన రాగానే అందరం చెట్టు కిందికే ఉరుకుతం. అదే అన్నిటికన్న చెడ్డ జాగ. ఉరుము వినబడ్డదంటే పిడుగు మనకు అందేంత దగ్గరల ఉన్నట్టే. పక్కా ఇంట్లోకి పోవాలె, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలె. కూలి పోతదని మేస్త్రి తొందర పెడితే ఒక్కరు కాదు, గుంపంతా కలిసి ఆగాలె. ఫోన్లో దామిని యాప్ ఉంటే దగ్గరల పడే పిడుగు సంగతి ముందే చెప్తది.

ఇట్ల లెక్క చూస్తే పక్కపక్క ఇండ్లకే ఒక్క తీరు సంచి సరిపోదని తెలిసింది. మంచంల పడ్డ అత్త ఉన్న ఇంటికి మొదలు కావాల్సింది ఎత్తుకపోయే ఇద్దరు మనుషులు, వాళ్లెవరో ముందే అనుకోవాలె. షుగర్ ఉన్నోళ్లకు వారం మందులు. ఒంటరి ఆడమనిషికి తలుపు కొట్టే పక్కింటామె. ఆధార్, పట్టా పాసుపుస్తకం, బ్యాంకు బుక్కు, సంఘం పుస్తకాలు మాత్రం అందరికీ ఒకటే: ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద.

ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటోళ్లకు 2 లక్షలు వస్తయి. మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 ఉన్నయో లేవో చూసుకోండి, లేకుంటే బీమా ఆగిపోతది.

112, 108, పక్కింటి నంబరు కాగితం మీద రాసి గోడకు అంటించాలె. కరెంటు పోయి ఫోన్ చచ్చిపోతే అందులో ఉన్న నంబర్లు పనికిరావు. ఇంకా రాయనోళ్లు వచ్చే మీటింగుకు కాగితం తెచ్చుకోండి, చదువొచ్చిన పిల్లలతోని అక్కడే రాయిస్తం.